నది ప్రవాహం, రేవు లోతు: హుగ్లీ అనుభవం నుంచి కొన్ని పాఠాలు

సారాంశం

నదిలో నీరు పెరిగితే రేవులో పూడిక తగ్గుతుందన్నది ఇంజనీర్లు చాలాకాలంగా నమ్ముతున్న సూత్రం. హుగ్లీపై ఉన్న కోల్‌కతా, హల్దియా రేవుల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ సూత్రం నది ఎగువ భాగానికి వర్తించినంతగా సముద్రం దగ్గరి భాగానికి వర్తించదని తెలుస్తుంది. ఎంత నీరు వదిలామన్నదే కాదు, ఏ కాలంలో, ఎంత ఉధృతితో, ఎంత ఒండ్రుతో వదిలామన్నది కూడా రేవు లోతును నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

1. పూడిక పడే తీరు

హుగ్లీలో పోటు కొద్ది గంటల్లోనే వేగంగా ఎక్కుతుంది. ఆటు ఎక్కువ సేపు నెమ్మదిగా తీస్తుంది. ప్రవాహ వేగం కాస్త పెరిగినా అది మోయగల ఒండ్రు అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందువల్ల పోటు పైకి తెచ్చిన ఒండ్రునంతా ఆటు తిరిగి తీసుకుపోలేదు. ఆ లోటు తీర్చేది ఎగువ నుంచి వచ్చే నది నీరే. వర్షాకాలంలో నది బలం ఆటుకు తోడై ఒండ్రు సముద్రం వైపు సాగుతుంది. వేసవిలో ఆ బలం తగ్గడంతో ఒండ్రు ఎదురు నడిచి నదిలోనే మేట వేస్తుంది.

ఉప్పునీటి పాత్ర కూడా తక్కువది కాదు. మంచినీటిలో బంకమట్టి రేణువులు ఒకే విద్యుదావేశంతో ఒకదాన్నొకటి వికర్షించుకుంటూ తేలుతుంటాయి. ఉప్పు తగలగానే ఆ వికర్షణ తగ్గి, రేణువులు గుంపులుగా అతుక్కుని బరువెక్కుతాయి. పోటు ఆగి ఆటు మొదలయ్యే మధ్య నీరు నిలకడగా ఉండే కొద్దిసేపట్లో అవి అడుగుకు దిగుతాయి. నది ప్రవాహం తగ్గితే ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది, పెరిగితే కిందికి జరుగుతుంది. పూడిక పడే చోటు కూడా దాని వెంటే జరుగుతుంది. అంటే ప్రవాహంలో వచ్చే మార్పు పూడిక పరిమాణాన్నే కాదు, స్థానాన్నీ మారుస్తుంది.

2. ఫరక్కాకు ముందు

గంగ ప్రధాన ప్రవాహం కొన్ని శతాబ్దాల కిందటే పద్మ వైపు మళ్లింది. హుగ్లీకి నీరు తెచ్చే భాగీరథి పాయ మొదలయ్యే చోట ఇసుక మేటలు వేయడంతో, వరద కాలం దాటితే హుగ్లీకి గంగ నీరు అందడం గగనమైంది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడాది, 1853లో, గంగపైనా ఆనకట్ట కట్టి హుగ్లీకి నీరు మళ్లించాలని సర్ ఆర్థర్ కాటన్ సూచించాడు. ఆ ఆలోచన కార్యరూపం దాల్చడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

ఈలోగా మరో మార్పు వచ్చింది. 1953 నుంచి 1959 వరకు దామోదర్ లోయలో తిలైయా, కోనార్, మైథాన్, పంచెట్ డ్యాములు వెలిశాయి. కోల్‌కతాకు దిగువన హుగ్లీలో కలిసే దామోదర్ వరదలు అంతవరకు ఏటా నది అడుగును కోసి శుభ్రం చేసేవి. ఆ ఉధృతి తగ్గితే హుగ్లీ పూడిపోతుందని ఇంజనీర్ కపిల్ భట్టాచార్య హెచ్చరించాడు. ఏడాది మొత్తానికి పారే నీటి లెక్క చూసినవారికి ఆయన భయం అర్థం కాకపోవచ్చు. నది అడుగును కోసేది ఏడాది సగటు ప్రవాహం కాదు, వరద ఉధృతి.

3. ఫరక్కా తర్వాత

గంగపై 1975లో ప్రారంభమైన ఫరక్కా బరాజ్ నుంచి సుమారు 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువ ద్వారా భాగీరథికి 40,000 క్యూసెక్కులు పంపాలన్నది ప్రణాళిక. కోల్‌కతా వైపు, ఎగువ హుగ్లీలో దాని మేలు కనిపించింది. ఉప్పదనం తగ్గింది, నదికి ఏడాది పొడవునా ప్రవాహం దక్కింది. సముద్రానికి దగ్గరగా, 1977లో మొదలైన హల్దియా డాక్ పరిస్థితి వేరు. అక్కడ నది వెడల్పు చాలా ఎక్కువ. ప్రతి పోటుకూ లోపలికి వచ్చే సముద్రపు నీటి ముందు 40,000 క్యూసెక్కుల ప్రభావం స్వల్పం. ఇసుక మేటలు చోటు మారుతూనే ఉన్నాయి, డ్రెడ్జర్లకు విశ్రాంతి లేదు. తగిన లోతు లేక పెద్ద ఓడలు ముందుగా విశాఖపట్నం, పారదీప్ వంటి రేవుల్లో కొంత సరుకు దించి, తేలికపడ్డాక హల్దియాకు వెళ్లే పద్ధతి ఏర్పడింది.

వేసవి కేటాయింపు కూడా పరిమితమే. 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, ఫరక్కా వద్ద ప్రవాహం 70,000 క్యూసెక్కులు లేదా అంతకన్నా తక్కువైతే చెరి సగం పంచుకోవాలి. మార్చి 11 నుంచి మే 10 వరకు పది రోజులకొకసారి వంతులవారీగా ఒక్కో దేశానికి 35,000 క్యూసెక్కుల హామీ ఉంది. హుగ్లీలో నది బలం అత్యవసరమైన నెలలివే. బంగ్లాదేశ్ నదులకు కూడా ఉప్పునీటిని ఆపడానికి ఆ నెలల్లోనే నీరు కావాలి. కాబట్టి కేటాయింపు పెంచడం ఒక్కటే మార్గమనుకోవడం న్యాయమూ కాదు, ఆచరణ సాధ్యమూ కాదు.

4. గోదావరి చూపే రెండో పార్శ్వం

ఒండ్రు వల్ల రేవుకు కీడే కాదు, మేలూ ఉందని గోదావరి చూపుతుంది. పూర్వం పేరుపొందిన కోరంగి రేవు గోదావరి ఒండ్రుకు పూడిపోయింది. అదే ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కాకినాడ రేవుకు అలల నుంచి రక్షణ ఇస్తోంది. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయినట్లు పరిశోధనలు తేల్చాయి. ఎగువ డ్యాములు ఒండ్రును ఆపేయడమే దీనికి ముఖ్య కారణం. ఒండ్రు తగ్గినంత మాత్రాన తీరానికి మేలు జరగలేదు, డెల్టా అంచు కోతకు గురైంది. ఒండ్రును కేవలం తొలగించాల్సిన బరువుగా చూడటం ఎంత ప్రమాదకరమో ఇక్కడ అర్థమవుతుంది.

5. ముగింపు

గంగా జలాల ఒప్పందం ముప్ఫై ఏళ్ల గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. తదుపరి చర్చల్లో క్యూసెక్కులతోపాటు ఒండ్రు లెక్క కూడా ఉండాలి. దామోదర్ డ్యాముల నుంచి, దిగువ గ్రామాలకు ముప్పు లేకుండా, నదిని కోయగల స్థాయిలో నియంత్రిత వరదలు వదలడం సాధ్యమేమో పరిశీలించాలి. రేవు స్థలం ఎంచుకునేటప్పుడు ఎగువన కట్టిన, కట్టబోయే ప్రాజెక్టులన్నిటినీ పరిగణనలోకి తీసుకోవాలి. డ్యాములు కట్టే శాఖ, రేవు నడిపే శాఖ ఒకే నదిని విడివిడిగా లెక్కగట్టినంతకాలం డ్రెడ్జింగ్ ఖర్చు తగ్గదు.