కోఠీ రెసిడెన్సీ, పాలకుర్తి ఐలమ్మ

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరాన, కోఠీలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ తెలంగాణలో జార్జియన్ వాస్తుకు పేరుపడ్డ కట్టడం. ఇంగ్లండును 1714 నుంచి 1830 దాకా వరసగా ఏలిన నలుగురు జార్జి రాజుల కాలపు తీరు ఇది. ఎడమవైపు ఏముంటే కుడివైపూ అదే ఉండాలి. ముఖద్వారం దగ్గర రోమన్ గుడుల పోలికలో ఎత్తైన స్తంభాలు నిలవాలి.

1798 సంధితో హైదరాబాద్ పాలకుడు నిజాం ఈస్టిండియా కంపెనీ చేతికింద పడ్డాడు. నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా ఉన్న అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఈ భవనం పని మొదలుపెట్టించాడు. నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళపు శామ్యూల్ రస్సెల్. డబ్బు నిజాం ఖజానాది. ఉత్తర ముఖాన ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, లోపల ఎత్తైన దర్బారు హాలు. కంపెనీ అధికారాన్ని కంటికి కట్టేలా చూపడానికే ఇంత హంగు.

అన్నిటికన్నా తీరిగ్గా చూడదగ్గది వెనుకనున్న, ఈ కట్టడానికే చిన్న నమూనాగా కట్టిన భవనం. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పరదాలో ఉండేది. పెద్ద భవనంలో తిరగలేని ఆమె కోసమే దీన్ని కట్టించాడని చెబుతారు. ఆమె ఉన్న జనానా భవనం రంగమహల్‌ను 1860లో కూల్చేశారు. నమూనా మాత్రం మిగిలింది. భవనం పొందిక మొత్తం ఇక్కడ ఒక్క చూపుకు అందుతుంది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీపై దాడి చేశారు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయాక, 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇందులోకి వచ్చింది. కట్టడం శిథిలమవుతుంటే 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత మరమ్మతులు జరిగాయి.

కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024 సెప్టెంబరు 10న దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించారు. ఆ రోజు ఆమె వర్ధంతి.

ఐలమ్మది నేటి జనగామ జిల్లా పాలకుర్తి. 1940లలో ఆమె కౌలుకు చేసుకున్న పొలం మీద విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. ఆయన చేతికింద 40 వేల ఎకరాలుండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు చెబుతాయి. దొర మనుషులు పంట ఎత్తుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డం నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. నిజాం రాజ్యపు అధికారం ఊళ్లలో దేశముఖుల గడీల మీద నిలిచింది. ఆ రాజ్యానికి పైన కూర్చున్న పెత్తనం ఈ రెసిడెన్సీది. కాబట్టి జనగామ ప్రాంతం నుంచి వెళ్లినవారికి ఆ ద్వారం మీద ఐలమ్మ పేరు అన్నివిధాలా న్యాయమైన పేరు.