సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ప్రధాన శిక్షకులు

డెక్కన్ ఛార్జర్స్ జట్టు రద్దయిన పిమ్మట, 2013లో ఐ.పి.ఎల్. క్రికెట్ రంగమున ప్రవేశించిన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టునకు తొలి ప్రధాన శిక్షకుడు ఆస్ట్రేలియా దేశీయుడైన టామ్ మూడీ. 2019 వరకు ఆ పదవియందుండిన ఆయన, లక్ష్మణ్ మార్గదర్శకత్వమును, మురళీధరన్ బౌలింగు శిక్షణయును తోడుగా గొని, స్వల్పమైన స్కోరునైనను కాపాడుకొనజాలిన బౌలింగు దళమును తీర్చిదిద్దెను. ఆ కృషి ఎంతటిదో 2016 మే 29న బెంగళూరున జరిగిన తుదిపోరు చాటినది: 209 పరుగుల లక్ష్యమును వెన్నాడుచు, బెంగళూరు జట్టు ఆటగాండ్రగు గేల్, కోహ్లీల జోడీ తొలి వికెట్టునకే 114 పరుగులు కూర్చినను, ఆతిథేయ జట్టును 200 కడ నిలువరించి, వార్నర్ నాయకత్వమున హైదరాబాదు జట్టు 8 పరుగులతో విజేతయైనది.

తరువాత ట్రెవర్ బేలిస్ (2020, 2021), మరల మూడీ (2022), బ్రయన్ లారా (2023) వచ్చిరి. లారా బ్యాటింగున అద్వితీయుడే గాని, ఆయన యేట జట్టు అట్టడుగున నిలిచినది. 2024లో పగ్గములు చేపట్టిన న్యూజీలాండు దేశీయుడు డానియల్ వెటోరీ, ఆరంభమునుండియే విజృంభించు పద్ధతిని ప్రోత్సహించెను. ఆ యేట జట్టు బెంగళూరుపై 3 వికెట్లకు 287 పరుగులు చేసి, తుదిపోరున కోల్‌కతా చేతిలో ఓడినది. శిక్షకులందరిలో జట్టునకు విజేత బిరుదమును, స్థిరమైన స్వభావమును సంపాదించి పెట్టిన మూడీకే అగ్రస్థానము చెల్లును.