లేజర్ వాయు విశ్లేషణ

లేజర్ వాయు విశ్లేషణ అనగా ఒక వాయువు లేజర్ కాంతిని ఎంత శోషించుకొంటుందో కొలిచి, దాని గాఢతను తెలుసుకొనే పద్ధతి. నమూనాను ప్రయోగశాలకు తీసుకువెళ్ళకుండా, వాయువు ఉన్న చోటనే క్షణాలలో ఫలితం లభించడం దీని ప్రధాన ప్రయోజనం.

పనిచేసే విధానం

ఒక్కొక్క వాయువు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల వద్ద కాంతిని శోషించుకొంటుంది. ఉదాహరణకు ఆక్సిజన్‌ను సుమారు 760 నానోమీటర్ల వద్ద, మీథేన్‌ను సుమారు 1650 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. డయోడ్ లేజరుకు ఇచ్చే విద్యుత్ ప్రవాహాన్ని మార్చితే దాని తరంగదైర్ఘ్యం కూడా స్వల్పంగా మారుతుంది. ఈ విధంగా కాంతిని శోషణ రేఖకు ఒకవైపు నుండి మరొక వైపుకు జరుపుతూ, వాయువును దాటి వచ్చిన కాంతిని కొలుస్తారు. తగ్గిన కాంతిని బట్టి బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం గాఢతను లెక్కిస్తారు. ధూళి వలన కూడా కాంతి తగ్గుతుంది. అయితే ఆ తగ్గుదల రేఖ మీద, రేఖకు ఇరువైపులా దాదాపు ఒకే విధంగా ఉంటుంది కనుక దానిని వేరుచేయవచ్చు.

చరిత్ర

సీసపు లవణాలతో చేసిన తొలితరం డయోడ్ లేజర్లను అతిశీతల స్థితిలో ఉంచవలసి వచ్చేది. అందువలన ఈ పద్ధతి చాలాకాలం ప్రయోగశాలలకే పరిమితమైంది. ఆప్టికల్ ఫైబర్ సమాచార వ్యవస్థల కోసం గది ఉష్ణోగ్రత వద్ద పనిచేసే లేజర్లు తయారైన తరువాత ఇది పరిశ్రమలలోకి ప్రవేశించింది. 1994లో బెల్ ప్రయోగశాలలో రూపొందిన క్వాంటం కాస్కేడ్ లేజరు వలన, వాయువులు మరింత బలంగా శోషించుకొనే మధ్య పరారుణ కాంతిని కూడా వాడే వీలు కలిగింది.

పరిశ్రమలలో ఉపయోగాలు

* సహజవాయు గొట్టాలు: సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. ఇది గాలిలో సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం గ్రామంలో గొట్టం నుండి వాయువు లీకై మంటలు చెలరేగగా ఇరవై మందికి పైగా మరణించారు. చేతితో పట్టుకొనే లేజర్ పరికరాలతో లీకులను కొంత దూరం నుండే కనుగొనవచ్చు.
* కొలిమిలు, బాయిలర్లు: ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్‌లను నిరంతరం కొలిచి, ఇంధనం వృథా కాకుండా గాలిని సర్దుబాటు చేస్తారు.
* విద్యుత్ కేంద్రాలు: పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను తొలగించడానికి అమ్మోనియా కలుపుతారు. అది మిగిలిపోయి బయటకు పోతున్నదేమో లేజరుతో పరిశీలిస్తారు.

పరిశోధనలో ఉపయోగాలు

2012 ఆగస్టులో అంగారక గ్రహంపై దిగిన క్యూరియాసిటీ రోవరులో ఇటువంటి లేజర్ పరికరం ఉంది. గేల్ బిలంలో మీథేన్ నూరు కోట్ల భాగాలలో సగటున 0.4 భాగం ఉన్నదని, అది ఋతువులను బట్టి మారుతున్నదని 2018లో ప్రకటించారు. కక్ష్యలో తిరిగే ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్‌కు మాత్రం మీథేన్ కనిపించలేదని 2019లో వెల్లడైంది. మీథేన్ జీవుల వలన గాని, శిలలలో జరిగే రసాయన చర్యల వలన గాని ఏర్పడవచ్చు. అందువలన ఈ వ్యత్యాసం శాస్త్రజ్ఞులలో చర్చనీయాంశమైంది.

పరిమితులు

ఒక డయోడ్ లేజరు సాధారణంగా ఒకటి రెండు వాయువులనే కొలవగలదు. హైడ్రోజన్, నైట్రోజన్ పరారుణ కాంతిని అత్యల్పంగా మాత్రమే శోషించుకొంటాయి కనుక వాటిని ఈ పద్ధతిలో కొలవడం కష్టం.