విశ్రాంతికి లెక్క కట్టిన కోచ్

1939 జులై 15న మిలాన్‌లో జర్మన్ రన్నర్ రుడాల్ఫ్ హార్బిగ్ 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. అప్పటిదాకా ప్రపంచ రికార్డు ఇంగ్లండ్‌కు చెందిన సిడ్నీ వూడర్సన్‌ది: 1 నిమిషం 48.4 సెకన్లు. సెకనులో పదో వంతు తగ్గించడమే గొప్పయిన చోట ఏకంగా 1.8 సెకన్లు తగ్గాయి. అంతకు మూడేళ్ల ముందు బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఇదే పరుగులో తొలి రౌండు దాటలేకపోయినవాడు హార్బిగ్.

ఈ మార్పు వెనక ఉన్న కోచ్ పేరు వోల్డెమార్ గెర్ష్‌లర్.

దూరాన్ని ముక్కలు చేసి, మధ్యలో ఆగుతూ పరుగెత్తడం ఆయన కనిపెట్టింది కాదు. 1920లలోనే ఫిన్లండ్ రన్నర్లు అలా సాధన చేశారు. పావో నుర్మి స్టాప్‌వాచ్ చేత పట్టుకుని పరుగెత్తేవాడు. అయితే ఎంత వేగంగా పరుగెత్తాలన్న దాని మీదే అందరి ధ్యాస. ఎంతసేపు ఆగాలన్నది గెర్ష్‌లర్ పట్టించుకున్నాడు. ఫ్రైబుర్గ్‌లో గుండె వైద్యుడు హెర్బర్ట్ రైండెల్‌తో కలిసి దానికో లెక్క కట్టాడు. పరుగులో గుండె వేగం నిమిషానికి 180 దాకా పెరగవచ్చు. ఆగాక 90 సెకన్లలోపు 120కి దిగాలి. దిగితే మళ్లీ పరుగెత్తవచ్చు. దిగలేదంటే ఆ పరుగు మోతాదు మించిందన్నమాట. గుండె బలపడేది ఆ విశ్రాంతిలోనేనని ఇద్దరూ నమ్మారు. ట్రాక్ సాధన చరిత్రలో ఇదొక పెద్ద మలుపు.

చెక్ రన్నర్ ఎమిల్ జాటోపెక్‌కు ఇలాంటి వైద్యుడి సాయం లేదు. జ్లీన్‌లోని బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పరుగు మొదలుపెట్టాడు, తర్వాత సైన్యంలో చేరాడు. 200 మీటర్లు ఐదుసార్లు, 400 మీటర్లు ఇరవైసార్లు, మళ్లీ 200 మీటర్లు ఐదుసార్లు. మధ్యమధ్య 200 మీటర్ల నెమ్మది పరుగు. ఇది అతని మామూలు సాధన. 400 మీటర్లను ఒకే రోజు 60 సార్లు పరుగెత్తిన సందర్భాలూ ఉన్నాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లతో పాటు మారథాన్ కూడా గెలిచాడు. అతనికి అదే తొలి మారథాన్!

అంత తీరిక లేనివారికి ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ ఉదాహరణే దగ్గరిది. లండన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు మధ్యాహ్న భోజన వేళలోనే పాడింగ్టన్ ట్రాక్‌కు వెళ్లేవాడు. 440 గజాలు పదిసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. 1953 శీతాకాలంలో ఒక్కో చుట్టుకు 66 సెకన్లు పట్టేది. నెలల సాధనతో అది 61కి దిగింది, అక్కడే ఆగిపోయింది. అప్పుడతను సాధన మానేసి, మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో స్కాట్లండ్ కొండలెక్కడానికి వెళ్లాడు. తిరిగొచ్చాక అదే పరుగు 59 సెకన్లకు వచ్చింది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పూర్తిచేసి, నాలుగు నిమిషాల హద్దును తొలిసారి దాటాడు.

ఇక మొదట చెప్పుకున్న హార్బిగ్ 1944లో యుద్ధంలో చనిపోయాడు. అతని 800 మీటర్ల రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు.

కొత్తగా ట్రాక్ సాధనకు దిగేవారు జాటోపెక్ అంకెల జోలికి వెళ్లవద్దు. వారానికి ఒక రోజు, 400 మీటర్లు నాలుగైదుసార్లు పరుగెత్తితే మొదట్లో చాలు. ప్రతి చుట్టు తర్వాత నాడి చూసుకోండి. అది నెమ్మదించకుండా తర్వాతి చుట్టు మొదలుపెట్టకండి.