కొంగ ఈకలు, టోపీలు, ఒక చిత్తడి నేల

తలలో పువ్వు పెట్టుకున్నందుకు ఏ మొక్కా చచ్చిపోదు. మర్నాటికి మళ్ళీ మొగ్గ వేస్తుంది. అందుకేనేమో, మన అలంకారాల గురించి మనకి పెద్దగా దిగులుండదు. (పట్టుచీరల సంగతి ఇక్కడ ఎత్తకండి!) కానీ నూట ఇరవై, నూట ముప్పై ఏళ్ళ కిందట అమెరికాలో కలిగినింటి ఆడవాళ్ళు తలమీద పెట్టుకున్నది పువ్వు కాదు, పక్షి. ఈకలు మాత్రమే కాదండీ, ఒక్కోసారి రెక్కలు చాచిన పిట్టని అలాగే టోపీకి కుట్టించుకునేవారు. 1886లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిప్రేమికుడు న్యూయార్క్ వీధుల్లో తిరుగుతూ 700 టోపీలు లెక్కపెడితే, 542 టోపీల మీద పక్షులో, వాటి ఈకలో ఉన్నాయట. ఆడవాళ్ళ తలలకేసి అంత పరీక్షగా చూస్తూ తిరిగిన మగవాడు దెబ్బలు తినకుండా ఇంటికి చేరడం కూడా విశేషమే!

ఆ టోపీల కోసం కొంగలు చచ్చిన చోట్లలో ఒకటి ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్. పోయిన జనవరిలో మా చెల్లెలు ఉండే మయామీ వెళ్ళినప్పుడు చూశాను. పార్కు అని పేరే గానీ పూలమొక్కలూ, ఉయ్యాలబల్లలూ ఉండే పార్కు కాదది. 15 లక్షల ఎకరాలు. పైన ఒకీచోబీ అనే పెద్ద సరస్సు నుంచి కింద సముద్రం దాకా నేల ఉన్నదీ లేనిదీ తెలియనంత వాలు. ఆ వాలులో నీళ్ళు మోకాటిలోతున, యాభై మైళ్ళ వెడల్పున, నడిచే ముసలమ్మ కంటే నెమ్మదిగా జారుతూ ఉండేవి. నీళ్ళనిండా రంపపు పళ్ళున్న గడ్డి. దాన్ని దూసుకుంటూ వెళితే చెయ్యి తెగుతుంది.

వెళితే చలికాలంలోనే వెళ్ళాలి. వానాకాలంలో దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. డిసెంబరు దాటితే నీళ్ళు తగ్గి, చేపలన్నీ మిగిలిన మడుగుల్లో చేరతాయి. వాటికోసం పక్షులు, వాటన్నిటికోసం మొసళ్ళు. ఎండాకాలానికి నీళ్ళు మిగిలేలా ఆ గోతుల్ని తవ్వి పెట్టేది కూడా మొసలేనట. ఇంటి యజమానురాలు అన్నమాట!

రాయల్ పామ్ అనే చోట మడుగు మీదుగా చెక్కవంతెన వేశారు. పాములాంటి మెడ ఉన్న నల్లటి పక్షి ఒకటి, తడిసిన చీర ఆరేసినట్టు రెండు రెక్కలూ చాపి ఎండలో కూర్చుంది. బాగా చూద్దామని కమ్మీ మీదకి వంగబోతుంటే మా చెల్లెలు కొంగు పట్టుకు లాగింది.

"అక్కా, అటు వంగకు. అది దుంగ కాదు."

దుంగ కన్ను తెరిచి నాకేసి చూసి, మళ్ళీ మూసుకుంది.

కాస్త దూరంలో తెల్లకొంగలు. మన చెరువుగట్ల మీద తపస్సు చేసే కొంగకి దాయాదులు. గుడ్లు పెట్టి పిల్లల్ని చేసే రోజుల్లో వీటి వీపున మంచుతెరలాంటి సన్నటి ఈకలు మొలుస్తాయి. షాపులవాళ్ళు కోరింది సరిగ్గా ఆ ఈకలే. అంటే, గూట్లో పిల్లలున్నప్పుడే తల్లినీ తండ్రినీ కాల్చాలి. కింద తల్లులు, పైన నోళ్ళు తెరుచుకున్న పిల్లలు. బంగారం ఔన్సు ఇరవై డాలర్ల చిల్లర ఉన్నరోజుల్లో ఆ ఈకల ధర 32 డాలర్లకి చేరింది. పక్షులెందుకు మిగులుతాయి?

1896లో బోస్టన్‌లో హారియట్ హెమెన్‌వే అనే ఆవిడ ఈ హత్యల గురించి చదివి, వరసకి సోదరి అయిన మిన్నా హాల్‌ని టీకి పిలిచింది. ఇద్దరూ ఊళ్ళో గొప్పింటి ఆడవాళ్ళ పేర్లున్న పుస్తకం ముందు పెట్టుకుని, టోపీకి ఈకలు పెట్టే అవకాశం ఎవరెవరికుందో టిక్కులు పెట్టారు. వాళ్ళని టీకి పిలిచారు. సుమారు 900 మంది ఈకలు మానేస్తామన్నారు. ఆ టీ కప్పుల్లోంచే మసాచుసెట్స్ ఆడుబాన్ సంఘం పుట్టింది. మన పేరంటాలని చులకన చేసే మగవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

అయితే ఖరీదు వేరేవాళ్ళు కూడా చెల్లించారు. గై బ్రాడ్లీ చిన్నప్పుడు ఈకల వేటగాళ్ళకి దారి చూపించినవాడే. 1902లో పక్షుల కాపలాదారుగా చేరాడు. 1905 జూలై 8న కొంగల్ని కాలుస్తున్నవాళ్ళని పట్టుకోవడానికి పడవలో వెళ్ళి, తుపాకిగుండుకి చనిపోయాడు. వయసు 35. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. కాల్చినవాడి మీద కేసు నిలబడలేదు. 1910లో న్యూయార్క్‌లో ఈకల అమ్మకం మీద చట్టం వచ్చింది.

పక్షులు బతికితే చాలా? నీళ్ళుండద్దూ! అప్పటి పెద్దమనుషులకి ఎవర్‌గ్లేడ్స్ అంటే పనికిరాని బురద. కాలవలు తవ్వి, నీళ్ళు తోడి, పొలాలు చేద్దామని సంకల్పం. ఆ పథకానికి న్యాయసలహాదారు విలియం జెన్నింగ్స్, మాజీ గవర్నరు. అతని భార్య మే జెన్నింగ్స్ ఫ్లోరిడా మహిళా క్లబ్బుల సమాఖ్య అధ్యక్షురాలు. భర్త నీళ్ళు తోడిస్తుంటే, భార్య అదే చిత్తడిలో ఒక తోపుని కాపాడతానని పట్టుబట్టింది. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో! నవలైతే పది పేజీలు రాసేదాన్ని. ఇది చరిత్ర కనక ఊరుకుంటున్నాను.

ప్రభుత్వం భూమి ఇచ్చింది గానీ నడపడానికి డబ్బివ్వలేదు. మేరీ ఫ్లాగ్లర్ అనే ధనవంతురాలు మరో 960 ఎకరాలిచ్చింది. మిగతా చందాలు క్లబ్బు ఆడవాళ్ళే పోగుచేశారు. 1916 నవంబరులో రాయల్ పామ్ పార్కు మొదలైంది. అప్పటికి వాళ్ళకి ఓటు హక్కు కూడా లేదు! నేను నిలబడ్డ చెక్కవంతెన ఉన్నది ఆ నేలమీదే. మన పాతకాలపు కాలేజీల ముందు తెల్లటి స్తంభాల్లా నిలబడే తాటిజాతి చెట్లున్నాయే, వాటి పేరే దానికి పెట్టారు. 1947 డిసెంబరు 6న ట్రూమన్ అధ్యక్షుడు పెద్ద నేషనల్ పార్కుని ప్రారంభించాడు. ఆ ఆడవాళ్ళ తోపు అందులో కలిసింది.

దానికి నెలముందే మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ అనే రచయిత్రి పుస్తకం వచ్చింది. ఇది బురద కాదు, గడ్డి కప్పుకున్న నది అని జనానికి చెప్పిన పుస్తకం. విచిత్రమేమిటంటే ఆవిడకి ఆ చిత్తడిలో తిరగడం పెద్ద ఇష్టం ఉండేది కాదు. పురుగులు, తేమ! ఆ నిజాయితీ నాకు నచ్చింది. ప్రేమించడానికి రోజూ వెళ్ళి కూచోనక్కర్లేదు.

పార్కు వచ్చినా, పైన కాలవలూ, 1928లో పూర్తయిన రోడ్డుకట్టా నీళ్ళని ఆపుతూనే ఉన్నాయి. పాత చిత్తడిలో దాదాపు సగం పోయింది. తుపాకి చంపిన కొంగలు చట్టం వచ్చాక కోలుకున్నాయి గానీ, నీళ్ళు తప్పించాక మళ్ళీ తగ్గాయి. ఇప్పుడు కోట్లకి కోట్లు పోసి, ఆ రోడ్డుని వంతెనలమీదకి ఎత్తి, నీటిని మళ్ళీ పారనిస్తున్నారు. మొదటి వంతెన 2013లో అయింది.

1969లో పార్కుకి ఎగువన పెద్ద విమానాశ్రయం కడతామంటే, 79 ఏళ్ళ డగ్లస్ ఎవర్‌గ్లేడ్స్ మిత్రుల సంఘం పెట్టి ఊరూరా తిరిగి మాట్లాడింది. మర్నాడే... అంటే 1970లోనే పని ఆగింది. అప్పటికి ఒక్క రన్‌వే మాత్రం వేసేశారు. ఆవిడ 1998లో, 108వ ఏట పోయింది. 2025లో ఆ రన్‌వే మీదే వలసదారుల కోసం నిర్బంధ శిబిరం కట్టారు. ఆపమని కోర్టుకి వెళ్ళినవాళ్ళలో ఆవిడ పెట్టిన సంఘం కూడా ఉంది.