విశాఖపట్నం తెలుగు క్రైస్తవ కుటుంబాలు – గృహజీవనంలో విశ్వాసాచరణ: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఉత్తరాంధ్ర క్రైస్తవ చరిత్ర ఎక్కువగా మిషనరీలు, పాఠశాలలు, దేవాలయాలు, బాప్తిస్మాల సంఖ్యల ఆధారంగా రచింపబడింది. విశ్వాసం అనుదినం ఆచరణకు వచ్చే ఇల్లు ఆ చరిత్రలో అంచుననే ఉండిపోయింది. 1805 నుండి ఉక్కు కర్మాగార కాలం వరకు విశాఖపట్నాన్ని కేంద్రంగా తీసుకొని, తెలుగు క్రైస్తవ కుటుంబం పఠనం, కీర్తన, సంస్కారాలు, శ్రమజీవనం, చట్టం అనే అంశాలలో ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బాప్తిస్మం మతమార్పిడికి ఆరంభం మాత్రమే. పూర్వాచారాలలో దేనిని నిలుపుకోవాలి, దేనిని విడవాలి అనే నిర్ణయం ఇంటిలోనే జరిగింది. కులం, కట్నం విషయాలలో ఆ నిర్ణయం అసంపూర్ణంగా మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విశాఖపట్నం, తెలుగు క్రైస్తవం, కుటుంబ ప్రార్థన, కీర్తన, గృహసంస్కారాలు, వారసత్వం.

1. ఉపోద్ఘాతం:
క్రైస్తవ మతం ఆరంభదశలో ఇళ్లలోనే నిలిచింది. అపొస్తలుల కార్యములలో లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు తమ ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారు. పౌలు లేఖలలో అకుల, ప్రిస్కిల్లల ఇంట కూడే సంఘం ప్రస్తావనకు వస్తుంది. పిల్లలకు దైవాజ్ఞలను ఇంటిలో కూర్చున్నప్పుడూ త్రోవన నడిచేటప్పుడూ బోధించాలన్న ద్వితీయోపదేశకాండపు విధిని క్రైస్తవం యూదు సంప్రదాయం నుండి గ్రహించింది. ఈ ఆదర్శం తెలుగు నేలపై అడుగుపెట్టేసరికి ఇక్కడి ఇల్లు ఖాళీగా లేదు. ఉమ్మడి కుటుంబం, కులాచారం, దేవతార్చన, అశౌచ నియమాలు, పండుగలు అప్పటికే దానిని నిర్మించి ఉన్నాయి. అందుచేత విశ్వాసాన్ని కుటుంబంలో జీవించడమంటే ఆ నిర్మాణంతో నిత్యం తలపడటమే అయింది.

2. తెలుగు గ్రంథం – ఇంటి పఠనం:
లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరుకున్నారు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదం సాగింది. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి కృషి ఫలితమైన తొలి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి వెలువడ్డాయి. ఎడ్వర్డ్ ప్రిట్చెట్ కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులో అచ్చయింది. 1840లో వచ్చిన జాన్ హే దీర్ఘకాలం విశాఖలోనే ఉండి అనువాద సంస్కరణకు పాటుపడ్డాడు.

ఈ క్రమాన్ని సాహిత్య చరిత్ర సాధారణంగా తెలుగు వచన వికాసంలో భాగంగా చూస్తుంది. కుటుంబ చరిత్ర దృష్టితో చూస్తే మరో అంశం కనిపిస్తుంది. పవిత్రగ్రంథం వాడుకకు దగ్గరైన వచనంలో, చేతిలో పట్టుకొనే పుస్తకంగా ఇంటికి వచ్చింది. దానిని చదవడానికి పురోహితుడు అక్కరలేదు, అక్షరజ్ఞానం ఉంటే చాలు. కనుక మిషను బాలికల పాఠశాలలు, ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించిన బైబిలు స్త్రీలు ఈ చరిత్రలో కేంద్రస్థానంలో నిలవాలి. చదువు వచ్చిన తల్లి ఇంటి ఆరాధనకు నాయకురాలు కాగలిగింది. సంఘవేదిక పురుషునిదైన కాలంలోనూ సాయంకాలపు ప్రార్థన తరచుగా ఆమె చేతిలో ఉండేది.

కతోలిక గృహాలలో ఈ స్థానం జపమాలది. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు 1846లో విశాఖ చేరి, మరుసటి ఏడు సెయింట్ అలోషియస్ పాఠశాలను నెలకొల్పారు. చదువురాని వారు సైతం పూసలు లెక్కిస్తూ జపించగల ప్రార్థన జపమాల. రాస్ కొండపై మరియమాత గుడికి డిసెంబరు 8న కుటుంబాలు కలిసి ఎక్కే యాత్ర ఆ గృహభక్తికి బహిరంగ రూపం. మతభేదం లేకుండా నగరవాసులు ఆ కొండను కన్యమేరీ కొండగా పిలుచుకుంటారు.

3. కుటుంబ విచ్ఛేదం – చట్టం:
మతమార్పిడి తొలుత కుటుంబాన్ని చీల్చింది. పర్లాకిమిడి సమీపంలోని మదనాపురంలో 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కరపత్రాలు చదివి ఆకర్షితుడై 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. బంధువర్గం వ్యతిరేకించింది. భార్య తరువాతనే ఆయన విశ్వాసంలో చేరింది. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యులలో ఒకడైన కవి జీవితం గృహకలహంతోనే మొదలైందన్నది గమనార్హం.

వలస ప్రభుత్వ చట్టాలు ఈ చీలికలకు అద్దం పడతాయి. మతం మారినవాడు ఆస్తిహక్కు కోల్పోరాదని 1850 నాటి కుల ప్రతిబంధక నివారణ చట్టం నిర్దేశించింది. మతం మారిన కారణంగా జీవిత భాగస్వామి విడిచిపెడితే, విచారణ జరిపి ఏడాది గడువిచ్చి వివాహాన్ని రద్దు చేయడానికి 1866 నాటి చట్టం వీలు కల్పించింది. ఆ గడువు విడిచిపోయిన వ్యక్తి పునరాలోచనకు ఇచ్చిన అవకాశం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం పెళ్లికి ముందస్తు ప్రకటన, లిఖితపూర్వక నమోదు విధించింది.

వీటికంటె లోతైన ప్రశ్న బళ్లారికి చెందిన అబ్రహాం కుటుంబ వ్యాజ్యంలో తలెత్తింది. దేశీయ క్రైస్తవుడైన మాథ్యూ అబ్రహాం మరణానంతరం ఆస్తికై అతని సోదరునికీ భార్యకూ వివాదం నడిచింది. మతం మారిన కుటుంబం పూర్వపు హిందూ న్యాయాన్ని విడవవచ్చు లేదా అనుసరించవచ్చునని, ఏది ఎంచుకున్నదీ వారి జీవన విధానమే తెలుపుతుందని 1863లో ప్రివీ కౌన్సిల్ తీర్మానించింది. ఆ విధంగా ఇంటి నడవడిక న్యాయస్థానంలో సాక్ష్యమైంది. నిత్యజీవితమే మతానికి ఆధారమన్న భావాన్ని మతాచార్యులతో పాటు న్యాయమూర్తులూ అంగీకరించవలసి వచ్చింది.

4. కీర్తన – కుటుంబ ప్రార్థన:
బంధువర్గాన్ని కోల్పోయిన ఇంటికి కొత్త బంధుత్వాన్ని పాట అందించింది. పల్లవి, అనుపల్లవి, చరణాల నిర్మాణం, రాగతాళ నిర్దేశం గల కీర్తనను చౌదరి క్రైస్తవ భావానికి వాహకంగా మలిచాడు. ఆంగ్ల స్తోత్రాల అనువాదాలు పాఠశాలలో, దేవాలయంలో వినిపించినా, ఇంటిలో కంఠస్థమై నిలిచినవి అధికంగా దేశీయ బాణీలే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటి బైబిలు పక్కన ఇంటింటా చోటు సంపాదించడానికి కారణమిదే. అక్షరం రాని అవ్వ కూడా పల్లవి అందుకోగలదు.

కుటుంబ ప్రార్థన క్రమం సరళమైనది: కీర్తన, వాక్యపఠనం, వంతులవారీ ప్రార్థన, ప్రభువు నేర్పిన ప్రార్థన. అప్పు, అనారోగ్యం, పరీక్ష, పెళ్లి సంబంధం అన్నీ పేరుపేరునా అక్కడ పలుకుతాయి. తండ్రి ఎదుట పిల్లవాడు తన తప్పును ఒప్పుకోవడం, అరుదుగానైనా పిల్లల ఎదుట తండ్రి ఒప్పుకోవడం ఆ వేళకు సాధ్యం. పితృస్వామ్యాన్ని ఈ ఆచారం తొలగించలేదు కాని, ఇంటి పెద్ద సైతం మోకరించవలసిన మరొక అధికారాన్ని ఇంటిలో నిలిపింది.

5. గృహసంస్కారాలు – స్వీకరణ, నిరాకరణ:
తెలుగు క్రైస్తవ గృహసంస్కారాలలో మూడు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది రూపాన్ని నిలిపి అర్థాన్ని మార్చడం. శిలువ గుర్తు గల తాళి, గృహప్రవేశం స్థానంలో గృహప్రతిష్ఠ, నామకరణానికి బదులు ప్రార్థనతో పేరుపెట్టడం, క్రిస్మస్‌కు అరిసెలు వండి ఇరుగుపొరుగులకు పంచడం ఇందుకు నిదర్శనాలు. రెండవది విడవడం. ముహూర్తం, జాతకం, శ్రాద్ధకర్మ ఈ కోవలోనివి. శ్రాద్ధం పోయినా పితృస్మరణ పోలేదు. ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక, నవంబరు 2న సమాధులకు సున్నం వేసి పూలు, కొవ్వొత్తులు ఉంచే సమాధుల పండుగ ఆ అవసరాన్ని తీర్చాయి.

మూడవది తెగని వివాదం. బొట్టు పెట్టుకోవడం, పొరుగువారిచ్చిన ప్రసాదం తినడం, సంక్రాంతికి ముగ్గు వేయడం విషయాలలో సంఘానికీ సంఘానికీ, ఒకే ఇంటిలో అత్తకూ కోడలికీ అభిప్రాయభేదం ఉంది. ప్రసాదం ప్రశ్న కొరింథు సంఘానికి పౌలు రాసిన లేఖలో విగ్రహార్పిత ఆహారం గురించిన చర్చను పోలినదే. అక్కడి పరిష్కారం నియమంకంటె సహోదరుని మనస్సాక్షికి ప్రాధాన్యమిచ్చింది. తెలుగు ఇల్లు దానికి పొరుగువాని మనస్సును కూడా చేర్చుకొంది. పళ్లెం తీసుకొని, ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకుండా పంపే ఇల్లాలి మర్యాదలో ఆ సర్దుబాటు కనిపిస్తుంది.

6. ఓడరేవు, ఉక్కు నగరం:
1933లో ఓడరేవు ప్రారంభం, 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన, 1966 ఉద్యమ ఫలితంగా 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన, 1992లో దానిని జాతికి అంకితం చేయడం విశాఖను శ్రామికవలసల నగరంగా మార్చాయి. సొంత ఊరి దేవాలయం, బంధువుల సమాధులు విడిచి వచ్చిన కుటుంబానికి క్వార్టరులోని ముందుగదే ప్రార్థనా స్థలమైంది. వారంవారం ఒక్కొక్క ఇంట జరిగే కూడికలు ఊరి సంఘానికి ప్రత్యామ్నాయంగా పనిచేశాయి.

ఈ మార్పు రెండు కొత్త సమస్యలను తెచ్చింది. మొదటిది కాలానిది. మూడు షిఫ్టులలో నడిచే కర్మాగారం సాయంకాల ప్రార్థనను, ఆదివారాన్ని ఒకేవేళ నిలవనీయదు. రాత్రి షిఫ్టుకు వెళ్లే తండ్రి కోసం ప్రార్థన ముందుకు జరగడం, లేదా అతను లేకుండానే తల్లి నడపడం అనివార్యమైంది. రెండవది శాఖాభేదం. బాప్టిస్టులు, లూథరన్లు, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘస్థులు, పెంతెకొస్తు వారు పక్కపక్క ఇళ్లవారయ్యారు, వియ్యంకులూ అయ్యారు. శిశుబాప్తిస్మమా, పెద్దయ్యాక ముంచడమా అన్న వేదాంత వివాదం మనుమని తొట్టె దగ్గర ఇరువైపుల తాతల సమస్యగా మారింది. శిశుప్రతిష్ఠ ఆరాధన పలు కుటుంబాలకు మధ్యేమార్గమైంది.

7. అసంపూర్ణ పరివర్తన:
గృహమే విశ్వాసానికి గీటురాయి అయితే రెండు విషయాలలో ఫలితం కఠినంగా ఉంటుంది. మొదటిది కూతురి వాటా. 1865 నాటి భారతీయ వారసత్వ చట్టం, తరువాత 1925 నాటి చట్టం వీలునామా లేని సందర్భంలో క్రైస్తవుని కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా ఇచ్చాయి. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు కల్పించిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1986లో గాని రాలేదు. అంతటి ముందంజ ఉన్నా, క్రైస్తవ గృహాలలో కట్నం కొనసాగింది. ఇచ్చిన కట్నమే వాటాగా చెల్లిందన్న లెక్క హిందూ గృహాలలో వలెనే ఇక్కడా వినిపిస్తుంది.

రెండవది కులం. బల్ల యొద్ద ఒకే పాత్రలోనిది పంచుకున్నవారు పెళ్లి సంబంధాల దగ్గర కులం అడగడం మానలేదు. దళిత క్రైస్తవ కుటుంబానికి మరొక భారం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది గాని క్రైస్తవులకు వర్తించలేదు. రాష్ట్రంలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగం కింద ఒక శాతం రిజర్వేషను పరిధిలోకి వస్తారు. ఫలితంగా కొన్ని ఇళ్లలో దస్త్రంలో ఒక పేరు, ప్రార్థనలో మరొక పేరు ఏర్పడ్డాయి. దీనిని కేవలం కపటంగా తీర్పు చెప్పడం చరిత్రకారుని పని కాదు. కులవివక్ష మతంతో పాటు తొలగలేదన్న వాస్తవాన్ని, విశ్వాసానికి చెల్లించవలసిన మూల్యం అందరికీ సమానం కాదన్న వాస్తవాన్ని ఆ రెండు పేర్లు ఏకకాలంలో నమోదు చేస్తున్నాయి.

8. ముగింపు:
విశాఖపట్నం తెలుగు క్రైస్తవ కుటుంబ చరిత్ర అనువాద గ్రంథంతో ఆరంభమై, కీర్తనతో వేళ్లూని, సంస్కారాల ఎంపికతో తెలుగుదనాన్ని నిలుపుకొని, శ్రామికనగరపు క్వార్టర్లలో కొత్త రూపం ధరించింది. సంఘ దస్త్రాలు బాప్తిస్మం తేదీని మాత్రమే భద్రపరిచాయి. ఆ తరువాతి వేల సాయంకాలాలకు సాక్ష్యం అరిగిన కీర్తనల పుస్తకాలు, బైబిలు ముందు పుటలలో రాసుకున్న జనన మరణ తేదీలు, వృద్ధుల జ్ఞాపకాలు. ఆ తరం వెళ్లిపోక ముందే వీటిని సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం. కూతురి వాటా, కోడలి కులం అనే రెండు ప్రశ్నలకు ఆ ఆధారాలు ఇచ్చే సమాధానమే, ఇంటిలో విశ్వాసం ఎంతదూరం ప్రయాణించిందో తెలుపగల నిక్కమైన కొలమానం.