కెమెరా జాబితాలో లేని ఫిల్ము

ఫ్యూజీఫిల్మ్ డిజిటల్ కెమెరా మెనూ తెరిస్తే ప్రొవియా, వెల్వియా, ఆస్టియా, ఆక్రోస్, క్లాసిక్ నెగటివ్ అంటూ ఒక జాబితా కనిపిస్తుంది. వాటిలో ఏది పెట్టుకుంటే రంగుల గాఢత, నీడల లోతు ఆ ఫిల్ము తీరుకు దగ్గరగా జేపెగ్‌లో స్థిరపడిపోతాయి. 2004 నాటి ఎస్3 ప్రోలోనే ఫిల్మ్ సిమ్యులేషన్ అనే ఈ ఆలోచన ఉంది. 2011లో ఎక్స్100 వచ్చాక ఎందరికో అలవాటైంది. ఇది ఉత్త వేషమనీ, అసలు ఫిల్ముకున్న నిజం దీనికి లేదనీ కొందరి అభ్యంతరం. కానీ ఫిల్ము మాత్రం ఉన్నదున్నట్టు ఎప్పుడు చూపింది? ఏ రంగు ఎలా కనిపించాలో కర్మాగారంలోనే తేల్చి రోలు చుట్టేవారు. ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ దశాబ్దాల పాటు లాబ్‌లకు పంపిన షర్లీ కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. చామనఛాయ ముఖాలు ఆ కొలతకే లోబడవలసి వచ్చింది. కాబట్టి సిమ్యులేషన్ నకిలీయా కాదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. అది ఎవరి గతానికి నకలు అన్నదే ప్రశ్న. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాన్ని ముందు పెట్టుకుంటే ఆ ప్రశ్న పదునెక్కుతుంది.

తిరువళ్లూరు మీదుగా మద్రాసు రైలు నడిచింది 1856లో. మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడిందీ ఆ ఏడాదే. ఆ కాలపు తడి కొలోడియన్ పలకలు దాదాపు నీలికాంతికే స్పందించేవి. పసుపు, ఎరుపు వాటి దృష్టిలో చీకటే. తర్వాతి ఆర్థోక్రొమాటిక్ పలకలు పసుపును కొంత పట్టుకున్నా ఎరుపును పట్టుకోలేకపోయాయి. పాంక్రొమాటిక్ ఫిల్ము వాడుకలోకి వచ్చాకే కుంకుమ నలుపుదనం వదిలింది. ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి కొండెక్కే జనాన్ని తలుచుకోండి: పసుపు బట్టలు, పూల కావడులు, గుండు మీద గంధం. ఈ కొండకు పసుపు, ఎరుపులే ప్రాణం. పాత పలక మీద అవన్నీ నలుపెక్కుతాయి. ఇప్పటి ఆక్రోస్‌లో ఎరుపు ఫిల్టరు వేస్తే దీనికి పూర్తిగా తలకిందులు: ఆకాశం ముదురుతుంది, బొట్టు చర్మంలో కలిసి మాయమవుతుంది. ఆకుపచ్చ ఫిల్టరు వేస్తే బొట్టు మళ్లీ నల్లగా నిలుస్తుంది, తాతల నాటి బొమ్మకు కాస్త దగ్గరవుతుంది. రంగుల్లోనూ అంతే. 1990లో వచ్చిన వెల్వియా ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్ల ఫిల్ముగా పేరు పడింది. దాని సిమ్యులేషన్‌తో పూల కావడి తీస్తే బంతి రేకుల మధ్య గీతలు రంగు ముద్దలో కరిగిపోతాయి. ఆస్టియా అయితే ఆ రేకుల మీద కొంత దయ చూపుతుంది.

అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అదే ఏడాది ఆ రాష్ట్రంలోని ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఫ్రాన్సుకు చెందిన బోషే కంపెనీ సాంకేతిక సాయంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, ప్రింటు కాగితం, ఎక్స్‌రే ఫిల్ము వచ్చాయి. విదేశీ సరుకు దిగుమతి కష్టమైన ఆ రోజుల్లో దేశంలోని ఎన్నో స్టూడియోలకు ఇందు ఆధారమైంది. ఈ దేశం తన ముఖాన్ని తన సొంత ఫిల్ము మీద చూసుకున్న కాలమది. ఆ ఫిల్ముకు ఏ కెమెరా జాబితాలోనూ చోటు లేదు. ఫ్యూజీని తప్పుపట్టలేం. 1934 నుంచి తాను తయారుచేసిన ఫిల్ముల అనుభవమే దాని దగ్గరుంది. అయినా 2021లో జీఎఫ్ఎక్స్100ఎస్‌తో వచ్చిన నోస్టాల్జిక్ నెగటివ్ సిమ్యులేషన్‌కు స్ఫూర్తి 1970ల అమెరికన్ కలర్ ఫోటోగ్రఫీ. తమది కాని జ్ఞాపకాన్ని కూడా జపాన్ ఇంజనీర్లు శ్రద్ధగా కట్టగలిగారన్న మాట. ఊటీ ఫిల్ము కోసం అలా కూర్చున్నవాళ్లు లేరు.

తొంభైల నాటికి మన పెళ్లి ఆల్బమ్‌లన్నీ ఫ్యూజీ, కొడాక్, కోనికాలవే కదా, ఇక ఈ బాధ దేనికని అడగవచ్చు. అది చాలావరకు నిజం. సుపీరియా ఫిల్ము ఛాయలున్న క్లాసిక్ నెగటివ్ ఆ ఆల్బమ్‌లకు దగ్గరి చుట్టమే. కానీ ఆ రంగుల్లో సగం లాబ్ ప్రింటరుది, కాగితానిది, వెలిసిపోయిన ఏళ్లది. పైగా అంతకు ముందరి రెండు దశాబ్దాల ముఖాలు అందులో లేవు. రా ఫైలు ఉంచుకుంటే ఏ ఛాయైనా తర్వాత తేవచ్చు, కెమెరాలో ముందే పెట్టడం ఎందుకన్నది ఇంకో మాట. తేవచ్చు, నిజమే. కానీ స్టూడియో పనిలో ఫిల్ము ఎంపిక క్లిక్కు కంటే ముందే జరిగేది. రోలు ఎక్కించాక 36 ఫ్రేములూ దానికి కట్టుబడి వెలుతురును దిద్దుకునేవారు. కెమెరా సెట్టింగు ఆ కట్టుబాటును తిరిగి తెస్తుంది, పక్కన రా ఫైలు ఉంటే తప్పించుకునే దారీ ఉంటుంది. ఆ కట్టుబాటుకు కొలత ఏది అన్నదే మనం తేల్చుకోవాలి. తొంభైలలోనే ఖాయిలా పడిన ఊటీ కర్మాగారం ఇప్పుడు లేదు. స్టూడియోల అటకల మీద మిగిలిన నెగటివ్‌లు మాత్రం ఇంకా చెత్తలోకి పోనవసరం లేదు. అంచున ఫిల్ము పేరు కనిపించే ప్రతి స్ట్రిప్పునూ పక్కకు తీసి, స్కాన్ చేసి, నలుపు ఎక్కడ మొదలై తెలుపు ఎక్కడ విరుగుతుందో కొలిస్తే, మన కెమెరాల్లో ఉన్న టోన్, నీడ, ఫిల్టరు మీటలతోనే ఇందు ఫిల్ముకు దగ్గరైన సెట్టింగు ఒకటి కట్టుకోవచ్చు.